మేపిన అల్లుడు

ఏరు పొంగి కట్ట దిగువ చేలన్నీ ఇసకలో పూడిపోయిన ఏడు కాదు, దాని మరుసటి ఏడు జరిగింది ఇది. మా వైపు పుట్టుకలకీ చావులకీ పెళ్ళిళ్ళకీ ఆ వరదే గుర్తు. ఆ మరుసటి ఏడే వీరుల గుడి జాతర వంతు మా ఊరికి వచ్చింది. పదిహేను ఊళ్ళు వంతులు వేసుకుని చేసే జాతర. ఒకసారి వచ్చి వెళ్ళిందంటే మళ్ళీ పదిహేనేళ్ళకి గానీ రాదు. గుడి ముందు పెట్టే పంది ఎంత బరువుంటే ఆ ఇంటికి అంత పరువు. అందుకని ఆ ఏడు మా ఊళ్ళో పందులు తిన్నాకే మనుషులు తిన్నారు. చేలల్లో ఇసక తప్ప ఏమీ లేకపోయినా పందుల తొట్లు ఎండలేదు.

మా పక్కిల్లు ఫాంగ్ తియెన్‌లోయ్‌ది. పందిని మేపడంలో అతన్ని మించినవాడు లేడని ఊరు ఒప్పుకుంది. అతను అంతకు ముందే ఒప్పుకున్నాడు. జాతర కోసమని పిల్లగా ఉన్నప్పుడే విత్తులు తీయించి, రెండేళ్ళుగా ఒక పందిని మేపుతున్నాడు. దానికి దోమతెర కట్టాడు. ఎండాకాలం పక్కన కూర్చుని విసనకర్రతో విసిరేవాడు. పెళ్ళానికి జ్వరమొచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి అలా ఆడగా ఎవరూ చూడలేదు.

నా పని విత్తనప్పందిని తోలడం. ఎవరింట్లో ఆడపంది ఎదకొస్తే వాళ్ళింటికి నా పోతును బెత్తంతో నడిపించుకుపోతాను. దారిలో ఎదురైతే ఆడవాళ్ళు మొహం తిప్పుకుంటారు, మగవాళ్ళు నవ్వుతారు. అవసరమొచ్చిన రోజు మాత్రం అందరికీ నేను చుంగ్ మావనే. పెద్దగా మాట్లాడే అవసరం లేని పని. నాకు సరిపోయింది.

తియెన్‌లోయ్‌కి కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు, సున్‌మొయ్. ఆమెకి ఇల్లరికపు మొగుణ్ణి తెచ్చాడు. కొండమీద తేయాకు కోసుకు బతికే ఇంట్లో మూడోవాడు, పేరు యున్‌ఫా. ఇల్లరికమంటే తొలి మగబిడ్డకి మామ ఇంటిపేరు పెట్టాలి. ఆ తర్వాత పుట్టేవాళ్ళకి తండ్రి తన పేరు పెట్టుకోవచ్చు. తొలివాడు పుట్టేదాకా అల్లుడు ఇంట్లో మనిషీ కాడు, పాలేరూ కాడు. పెళ్ళై మూడేళ్ళయింది. తొలివాడు రాలేదు.

యున్‌ఫా పొడుగు మనిషి. వెదురు గడంత పొడుగు, దానికున్నంతే కండ. గాలివాన వస్తే అల్లుణ్ణి స్తంభానికి కట్టుకో బావా అని ఊళ్ళో తియెన్‌లోయ్‌ని ఆటపట్టించేవాళ్ళు. అతనికి అది నవ్వులాట కాదు. ఊళ్ళోకెల్లా లావు పంది ఉన్న ఇంట్లో ఊళ్ళోకెల్లా బక్క అల్లుడుండటం అతనికి తలవంపులు.

కొత్త సంవత్సరం పండగ వెళ్ళగానే ఒక పొద్దున అల్లుణ్ణి వాకిట్లోకి పిలిచాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. పదిమంది ఉన్నప్పుడే అతను ఇంటి మాటలు మాట్లాడతాడు.

“ఏడో నెల్లో జాతర. అందాకా చూస్తా. అప్పటికి నా కూతురు నీళ్ళోసుకోలేదంటే నువ్వు నీ కొండెక్కెయ్. నేను ఇంకోణ్ణి తెచ్చుకుంటా.”

యున్‌ఫా తల దించుకున్నాడు. సున్‌మొయ్ బావి దగ్గర ముల్లంగి కడుగుతోంది. కడగడం ఆపింది.

“నీకు లేందేంటో తెల్సా?” అన్నాడు తియెన్‌లోయ్. “ఒళ్ళు. ఎండుకట్టెకి చిగురేస్తదంటరా? ఆ-కాన్‌ని చూడు. ఆ పొట్ట చూడు. ఇద్దరు మగపిల్లలు!”

ఆ-కాన్ సంతలో మాంసం కొట్టేవాడు. పెళ్ళాం చనిపోయి ఏడాదైంది. పొట్ట గురించి ఎవరైనా మాట్లాడితే దాన్ని ఒకసారి తట్టి చూపిస్తాడు. అప్పుడూ తట్టాడు.

“ఇదేం ఊరికే రాలేదు బావా. కాళ్ళు, చెవులు, తోక... ఏదీ వదల్లా.”

తియెన్‌లోయ్ పందుల్ని తూచే పెద్ద కాటా తెప్పించాడు. ఇద్దరు మనుషులు గెడ భుజాన పెట్టుకున్నారు. యున్‌ఫాని తాళ్ళలో కూర్చోబెట్టి పైకెత్తారు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. గుండు జరుపుతుంటే, జరుపుతుంటే, ఇంకా ఇంకా లోపలికే వస్తోంది.

“అయ్యో, ఇది పాలు మానిన పిల్ల బరువు!” అన్నాడొకడు.

“కాటా తప్పు చూపిస్తందేమో. ఒకసారి వాడి చెప్పులు కూడా ఎయ్యండి,” అన్నాడు ఇంకొకడు.

తియెన్‌లోయ్ నా వైపు తిరిగాడు. “ఏంటి చుంగ్ మావా, నువ్వే చెప్పు. పోతులు తోలేవాడివి. ఒళ్ళు లేకండా వంశం పెరిగిద్దా?”

“నా పోతుని నేను మేపను,” అన్నాను. “కొవ్వెక్కితే పని చెయ్యదు.”

అందరూ నవ్వారు. “మావ నెలకో మాట మాట్లాడతాడు. ఈ నెల మాట అయిపోయింది,” అన్నాడు ఆ-కాన్. “ఆ పోతూ నీలాగే ఉంటది గదా మావా, ఎముకలన్నీ లెక్కెట్టొచ్చు.”

నా పోతు పిల్లలు వాళ్ళందరి ఇళ్ళలో ఉన్నాయి. నేను ఆ మాట అనలేదు.

ఆ రోజునుంచి మేపు మొదలైంది. తియెన్‌లోయ్‌కి తెలిసిన మేపు ఒక్కటే, జాతర పందిది. అదే మేపు అల్లుడికి పెట్టాడు. పొద్దున్నే పందికొవ్వు కలిపిన వేడన్నం. మధ్యాహ్నం పంది కాలు. మూడు పూటలా బాతుగుడ్లు. నువ్వులనూనెలో వేయించి సారా పోసి వండే కోడి మా వైపు బాలింతలకి పెడతారు. అది కూడా అల్లుడికే పోసింది అత్త. పోస్తూ గొణిగింది.

“కూతురికి పురుడొస్తే పెడదామని దాచిన కోళ్ళు. ముందు నీకు పురుడొచ్చేట్టుంది.”

పని చెయ్యొద్దన్నాడు మామ. నడిస్తే కరుగుతుందని పొలానికి పంపలేదు. భోజనం అవగానే దోమతెర కింద పడుకోబెట్టేవాడు. అది పందిదిలాంటి తెరే, ఒకే తానులో కోసింది. రెండు తెరల మధ్యా ముక్కాలి పీట వేసుకుని ఇటొకసారి అటొకసారి విసిరేవాడు. అల్లుడు చెయ్యాల్సిన పని సున్‌మొయ్ చేసింది. ఇసక తీసింది, దుంప నాటింది, పందికి తీగ కోసింది. ఆమెని ఎవరూ తూచలేదు. తూస్తే ఆమె మొగుడికి పెరిగిన బరువంతా ఎక్కణ్ణుంచి తగ్గిందో తెలిసేది.

అయిదో నెలకి యున్‌ఫా మారిపోయాడు. గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది. పొట్ట ముందుకొచ్చింది, దాని వెనక మనిషి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవాడు. ఆ పొడుగుకి ఆ లావు చేరితే చూసేవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. వీధిలో ఆడవాళ్ళు పొట్టమీద వేలుపెట్టి పొడిచి అడిగేవాళ్ళు.

“ఎన్నో నెల అల్లుడూ?”

“మామగారికి మనవడు నీ కడుపునే పుడతాడంట గదా!”

అతను నవ్వేవాడు. నవ్వినప్పుడు ఆయాసం వచ్చేది. సున్‌మొయ్‌కి మాత్రం నెల తప్పలేదు. తియెన్‌లోయ్ దానికో జవాబు తయారుగా పెట్టుకున్నాడు. ఇంకా ఒళ్ళు చాల్లేదు, అంతే.

ఒక మధ్యాహ్నం దోమతెర కిందనుంచి లేచి మా దొడ్లోకి వచ్చాడు యున్‌ఫా. నేను పోతుకి నీళ్ళు పోస్తున్నాను. దడికి చేరబడ్డాడు. దడి వంగింది.

“మావా, నీ పోతుకి ఎప్పుడన్నా... ఒకపక్క బరువుగా వేలాడిందా?”

“లేదు.”

“నాకు వేలాడతంది. ఎడంపక్క.”

నేను నీళ్ళ బాల్చీ కింద పెట్టాను.

“తేయాకు బుట్టలు మోసేటప్పట్నుంచీ ఉంది. పడుకుంటే పోద్ది, నిలబడితే వస్తది. పట్టుకుని చూస్తే వానపాముల మూట తగిలినట్టుంటది. సాయంత్రానికి గుంజుద్ది. ఎవరికి చెప్పను? ఒళ్ళొస్తే అన్నీ పోతయ్యన్నాడు మావయ్య. ఒళ్ళొచ్చింది. అది పోలా. నాకు కనపట్టం మానేసిందంతే. పొట్ట అడ్డమొచ్చింది.”

“సున్‌మొయ్‌కి తెలుసా?”

“తెల్సు. పట్నం పోదామంటది. నాకే సిగ్గు. ఆడదాన్ని పక్కనబెట్టుకుని డాక్టరుకి ఏమని చూపిస్తా?”

నేను లోపలికెళ్ళి చొక్కా వేసుకుని వచ్చాను. అతనికి అర్థమైంది.

షిన్‌చూ పట్నంలో హో డాక్టరుగారిది వీధిలో చిన్న ఆస్పత్రి. ముసలాయన, మాట కరుకు. చెప్పుల చప్పుడుతోనే మనిషి రోగం పోల్చుకుంటాడని పేరు. యున్‌ఫా లోపలికి అడుగుపెట్టగానే ముందు పొట్ట వైపే చూశాడు.

“ఎవరు మేపారు నిన్ను?”

“మా మావయ్య.”

“ఏం పని చేస్తాడు?”

“జాతర పంది మేపుతాడు.”

“అనుకున్నా,” అని నన్ను చూశాడు. “నువ్వేనా మామ?”

“కాదు,” అన్నాను.

తెర వెనక నిలబెట్టి చూశాడు. దగ్గమన్నాడు. పడుకోమన్నాడు. మళ్ళీ నిలబడమన్నాడు. పొట్ట పైకెత్తి పట్టుకోమన్నాడు. ఆ మాట తెర ఇవతలకి కూడా వినబడింది. తర్వాత ఒక చిన్న సీసా చేతికిచ్చి వెనక గదిలోకి పంపాడు. యున్‌ఫా లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. నర్సు రెండుసార్లు తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చింది. నేను గోడమీద అతికించిన ఎముకల బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఆ బొమ్మ మేపుకి ముందటి యున్‌ఫాలా ఉంది.

ఆ సీసాలోది గాజు పలకమీద వేసి, యంత్రం కింద పెట్టి చూసి, డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“ఉండాల్సినన్ని లేవు. ఉన్నవాటిల్లో కదిలేవి తక్కువ. కదిలేవి కూడా సంతలో తప్పిపోయినవాళ్ళలా తిరుగుతున్నయ్.”

“ఒళ్ళు ఇంకా రావాలేమోనండి?” అన్నాడు యున్‌ఫా.

డాక్టరు పెన్ను కింద పడేశాడు. “వినవయ్యా. నీకున్నదాన్ని వెరికోసీల్ అంటారు. వరిబీజం కాదు, వాపు కాదు. బీజం పైనున్న నరాలు ఉబ్బినయ్. పైకి పోవాల్సిన రక్తం కిందనే నిలిచిపోద్ది. నిలిచి వేడెక్కుద్ది. ఆ చోట చల్లగా ఉండాలనే గదా దేవుడు దాన్ని ఒంటి బయట వేలాడదీసింది? వేడెక్కితే విత్తు చెడుద్ది.”

“బక్కగా ఉన్నందుకే వచ్చిందాండీ?”

“పొడుగ్గా బక్కగా ఉన్నవాళ్ళలో ఎక్కువ చూశా. కొవ్వున్నవాళ్ళలో తక్కువ. ఎందుకంటే పుస్తకాలు ఒక మాటమీద లేవు. బక్కోళ్ళందరికీ వస్తదనీ కాదు, లావోళ్ళకి రాదనీ కాదు.”

యున్‌ఫా మొహం వెలిగింది. “అయితే మావయ్య చెప్పింది నిజమేగా!”

“గొడుగున్నవాడు తడవడు,” అన్నాడు డాక్టరు. “నిజమే. తడిసొచ్చినవాడి చేతికి గొడుగిస్తే ఆరతాడా? నరాలు ఉబ్బినాక నువ్వు లావెక్కితే నరాలు మానవు. నాకు వెతుక్కోడం కష్టమైద్ది, అంతే. పైగా ఈ కొవ్వొకటి చుట్టూ దుప్పటి కప్పినట్టు కప్పింది. తొడల మధ్య ఒక కుంపటి ఉండేది, ఇప్పుడు రెండయినయ్. లావువల్ల కూడా విత్తు తగ్గుద్ది. మీ మామకి చెప్పు, మనవడు కావాలంటే విసనకర్ర ఆపమని. తిండి తగ్గించు, పొలానికి పో. మళ్ళీ ఎముకల గూడు కావద్దు. మధ్యలో ఉండు.”

“మరి నరాలు?”

“చిన్న కోత కోసి, ఆ నరాన్ని పైన కట్టేస్తా. బీజం జోలికి పోను.” పడేసిన పెన్ను మళ్ళీ తీసుకున్నాడు. “పిల్లలు పుడతారని మాటివ్వను. కట్టించుకున్నవాళ్ళలో కొందరికి పుట్టారు, కొందరికి పుట్టలా. ఊరికే కూర్చున్నా ఎప్పటికో పుట్టొచ్చు. కానీ మీ మామ అన్నాళ్ళు ఆగే మనిషిలా లేడు.”

బస్సులో వస్తున్నంతసేపూ యున్‌ఫా కిటికీలోంచి బయటికి చూశాడు. అతని పక్కన మిగిలిన చోటులో నేను కూర్చున్నాను. ఒక్కసారే మాట్లాడాడు.

“మావా, కోతంటే భయం లేదు. సున్‌మొయ్‌ని వదిలిపోవాలంటేనే భయం.”

ఇంటికొచ్చాక సున్‌మొయ్ అంతా అడిగి తెలుసుకుని, రాత్రి భోజనాల దగ్గర తండ్రికి నెమ్మదిగానే చెప్పింది. అంతా చెప్పిందట. తియెన్‌లోయ్ చెవిలో రెండు మాటలే పడ్డాయి. కత్తి. అక్కడ.

పందులు మేపేవాడికి అక్కడ కత్తి పెట్టడమంటే ఒక్కటే అర్థం. అతను జీవితమంతా ఆ పని దగ్గర పందిపిల్లల కాళ్ళు పట్టుకున్నవాడు.

తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసింది. యున్‌ఫా పట్నం వెళ్ళి విత్తులు తీయించుకుంటున్నాడని. వాకిట్లో జనం చేరారు. వాళ్ళలో ఆ-ఫూ కూడా ఉన్నాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో పంది పిల్లలకి విత్తులు తీసేది అతనే. నడుముకి చిన్న కత్తి, బూడిద సంచీ ఎప్పుడూ ఉంటాయి. మొహంలో కొంచెం నొప్పి కనబడింది. తనని కాదని పట్నం పోతున్నందుకు.

“దానికి పట్నం దేనికి బావా? ఒక పీట, ఇద్దరు మనుషులు. ఉఫ్ అనేలోపు అయిపోద్ది. బూడిదేస్తే సాయంత్రానికి తిరుగుతాడు.”

“నరం కడతారంట బాబాయ్, తియ్యరు,” అంది సున్‌మొయ్.

“కట్టడం పాత పద్ధతి,” అన్నాడు ఆ-ఫూ. “కడితే అదే ఎండి రాలిపోద్ది. నేను తీసేస్తా, అదే తేడా.”

జనంలో ముసలివాళ్ళు తలలూపారు. ఆ-ఫూ చెప్పింది వాళ్ళకి అర్థమైంది. డాక్టరు చెప్పింది కాలేదు.

తియెన్‌లోయ్ గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు. “ఇంత మేపు పెట్టా. ఇంత ఒళ్ళు తెచ్చా. ఇప్పుడు కోయించుకుంటాడా? నా గుమ్మం లోపల కోసిన మగాడు ఉండడు. కత్తి పెట్టించుకున్న రోజే బయటికి. జాతర దాకా అన్నా, జాతర దాకానే.”

“కోయించుకోకపోతే?” అంది సున్‌మొయ్.

“కోయించుకోకపోతే జాతరకి బయటికి.”

తేడా ఏంటో ఆమె అడగలేదు. యున్‌ఫాని చూసింది. అతను పొట్టమీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం పంది కాలు ముట్టలేదు. మర్నాటినుంచి పొలానికి వెళ్ళాడు. తియెన్‌లోయ్ వెనకే వెళ్ళి చెయ్యి పట్టి లాక్కొచ్చేవాడు. అప్పటికే జనానికి ఇద్దర్నీ కలిపి చూడటం అలవాటైంది. జాతర దగ్గరపడుతున్న కొద్దీ పందిని చూడ్డానికి వచ్చినవాళ్ళు అల్లుణ్ణి కూడా చూసి పోయేవాళ్ళు. తియెన్‌లోయ్‌కి అది బాగానే ఉంది. వంశం రాకపోయినా బరువు వచ్చింది. మేపినవాడి చెయ్యి గొప్పతనం అందులో ఉంది గదా.

జాతర రోజు మా పంది గెలిచింది. మా అంటే తియెన్‌లోయ్‌ది. తెల్లారి గుడి ముందు పందుల్ని వరసగా పెట్టారు. చెక్క చట్రం మీద పరిచి, వీపున ఒక చాలు వెంట్రుకలు ఉంచి మిగతా ఒళ్ళంతా గొరిగి, నోట్లో పండు పెట్టారు. అన్నింటిలో తియెన్‌లోయ్ పందిది మొదటి స్థానం. పక్కన ఎర్రబట్టమీద ఫాంగ్ ఇంటిపేరు బంగారు రంగులో రాసి నిలబెట్టారు. అతను ఆ బట్ట ముందు నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాడు.

పట్నం నుంచి ఫోటో తీసేవాణ్ణి పిలిపించాడు. పంది పక్కన అల్లుణ్ణి నిలబెట్టి, మధ్యలో తను నిలబడ్డాడు. ఫోటోవాడు నల్లబట్టలో తలపెట్టి, మళ్ళీ బయటికి తీశాడు.

“అయ్యా, ఆ కుడివైపాయన కొంచెం నవ్వాలి. నోట్లో పండున్నాయనే నయం, నవ్వుతున్నట్టుంది.”

జనం కడుపుబ్బ నవ్వారు. యున్‌ఫా నవ్వలేదు. ఫోటోలో కూడా నవ్వలేదు. ఆ ఫోటో చాన్నాళ్ళు తియెన్‌లోయ్ గోడమీద ఉంది.

మధ్యాహ్నం అతని వాకిట్లో భోజనాలు. దారి మీదకి కూడా బల్లలు వేశారు. మా వైపు జాతర రోజు దారినపోయేవాణ్ణి కూడా పిలిచి కూర్చోబెడతారు. నన్ను చివర బల్ల దగ్గర కూర్చోబెట్టారు, వాసన రాకుండా. మొదటి బల్ల దగ్గర, తియెన్‌లోయ్ పక్క కుర్చీలో, కొత్త చొక్కా వేసుకుని ఆ-కాన్ ఉన్నాడు. ఆ కుర్చీ అల్లుడిది. యున్‌ఫా వంటగది గుమ్మం దగ్గర గిన్నెలు అందిస్తున్నాడు. ఆ కుర్చీ చూసినవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది.

మూడు గిన్నెల సారా అయ్యాక తియెన్‌లోయ్ లేచి నిలబడ్డాడు.

“చుట్టాలందరూ వినండి. ఈ ఏడు దేవుడు నాకు పంది ఇచ్చాడు. మనవణ్ణి ఇవ్వలా. అది దేవుడి తప్పు కాదు. నా మేపు తప్పూ కాదు, అందరూ చూశారు. విత్తనం పుచ్చు. మాటంటే మాట. రేపు పొద్దున యున్‌ఫా వాళ్ళ కొండకి పోతాడు. మంచి రోజు చూసి ఆ-కాన్‌ని...”

ఆ-కాన్ పొట్ట తట్టుకున్నాడు.

“నాన్నా,” అంది సున్‌మొయ్. పులుసు గిన్నె చేతిలో ఉంది. దాన్ని మొదటి బల్లమీద పెట్టి చేతులు తుడుచుకుంది. “ఒకటి అడగొచ్చా?”

“అడుగు.”

“గుడి దగ్గరున్న మన పంది. ఇన్ని ఊళ్ళలో దాన్ని మించింది లేదు గదా.”

“లేదు!” అన్నాడు తియెన్‌లోయ్, మెడ నిక్కించి.

“దాని పిల్లలెక్కడున్నయ్ నాన్నా? ఒకటి తెచ్చుకుని పెంచుకుందాం.”

ఆ పందికి పిల్లప్పుడే విత్తులు తీసినవాడు, మేపినవాడు, తూచినవాడు, కోసినవాడు, అందరూ అక్కడే కూర్చుని ఉన్నారు. ముందు ఆ-ఫూ నవ్వాడు. అతనికి నవ్వు ఆగలేదు, బల్లమీద తల వాల్చాడు. ఒక బల్లనుంచి ఇంకో బల్లకి ఆ నవ్వు దారి వరకూ పోయింది. దారిలో ఎవరో అర్థం కాక ఏంటి ఏంటి అని అడిగారు. పక్కవాడు చెప్పాడు. మళ్ళీ నవ్వు.

తియెన్‌లోయ్ మెడ ఎర్రబడింది. “నోరు లేచిందే? వాడు పుచ్చు విత్తనమైతే నువ్వు...”

“ఆయనకి జబ్బుంది. మందుంది. నువ్వు దుప్పటి కప్పావు. మేపావు, తూచావు, ఫోటో తీయించావు. ఒక్కసారి ఎక్కడ నొప్పిరా అని అడిగావా?”

“నడు! వాడితోపాటు నువ్వూ నడు! కోసినోణ్ణి కట్టుకుని కొండమీద ఊడిగం చెయ్!”

“పోతా.”

“పోతే మళ్ళీ రావొద్దు. నా ఇంటిపేరు ఎవరికి పెడతావ్?”

సున్‌మొయ్ అప్పటికే మొగుడి చేతిలో గిన్నెలు తీసి కింద పెట్టింది. “గుడి దగ్గర పంది పక్కన రాసే ఉందిగా నాన్నా. దానికే ఉంచు.”

అత్త వంటగదిలోంచి ఒక మూట తెచ్చి కూతురి చేతిలో పెట్టి, ఎవరినీ చూడకుండా లోపలికి పోయింది. ఇద్దరూ బల్లల మధ్యనుంచి నడిచారు. యున్‌ఫా పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది, అతని లావుకి సందు చాలలేదు. జనం కుర్చీలు జరిపి దారిచ్చారు. ఆ-కాన్ కుర్చీలో అలాగే కూర్చున్నాడు. తియెన్‌లోయ్ అతని వైపు గానీ, అతను తియెన్‌లోయ్ వైపు గానీ చూడలేదు. మాంసం మాత్రం మిగల్లేదు.

దారిమీద వాళ్ళిద్దరూ నిలబడిపోయారు. ఆ రోజు ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. నేను నా గిన్నె వదిలి లేచి వాళ్ళ ముందు నడిచి మా తలుపు తీశాను. రమ్మని అనలేదు. వచ్చారు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో పట్నం వెళ్ళాం. డాక్టరుగారు ఇంకా రాలేదు. నర్సు యున్‌ఫాని లోపల కూర్చోబెట్టి, కాగితం తీసి అడిగింది.

“ఇంటి పెద్దెవరు? ముద్ర వెయ్యాలి. పెద్ద లేకుండా డాక్టరుగారు కత్తి పట్టరు.”

ఇల్లరికం పోయినవాణ్ణి కన్నవాళ్ళింటి పెద్ద వదిలేసుకుంటాడు. మామింటి పెద్ద గెంటేశాడు. సున్‌మొయ్ “నేనే పెళ్ళాన్ని, నేనేస్తా” అంది. నర్సు తల అడ్డంగా ఊపింది.

“మగ పెద్ద కావాలమ్మా. రేపు ఏదన్నా అయితే మమ్మల్ని అడిగేది వాళ్ళేగా. రేపు తీసుకు రండి.”

రేపు తీసుకొచ్చే మనిషి ఎక్కడున్నాడు? సున్‌మొయ్ మూట ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు అప్పుడు చూశాను. నిన్న వాకిట్లో లేవు.

నేను నడుముకి కట్టుకున్న సంచిలోంచి నా ముద్ర తీశాను. నా పేరు చెక్కిన చెక్క ముద్ర, అరిగింది.

“ఎక్కడెయ్యాలి?”

నర్సు నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “నువ్వేమవుతావు?”

“పక్కిల్లు.”

“పక్కిల్లు చుట్టం కాదుగా తాతా.”

“గోడ ఒకటే,” అన్నాను.

“ఏం పని చేస్తావ్?”

“పోతుని తోలతా.”

ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. నవ్వాపుకుందో, వాసనో తెలియదు. వెనక వరసలో ఇద్దరు రోగులు దగ్గుతున్నారు. ఆమె వాళ్ళని చూసి, నన్ను చూసి, ఎర్రసిరా డబ్బీ నా వైపు తోసింది. తండ్రి అని ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. నాకు ఆ అక్షరం వచ్చు. మూడేళ్ళు బడికి పోయినవాడికి వచ్చే అక్షరాల్లో అదొకటి.

ముద్ర సిరాలో అద్ది నొక్కాను. సగమే పడింది. మళ్ళీ అద్ది, దాని పక్కన గట్టిగా నొక్కాను. ఈసారి పూర్తిగా పడింది. ఆరేదాకా ఊదాను.

డాక్టరుగారు వచ్చి యున్‌ఫాని కోత గదిలోకి తీసుకెళ్ళాక సున్‌మొయ్ పక్కన బెంచీమీద కూర్చున్నాను. ఆ రోజు ఎవరి ఆడపంది దగ్గరికీ పోలేదు.